లాగేది ఇంజను, కాచేది బ్రేకు

పాత బండి ఫలానా బరువును లాగగలదా అని అడిగితే అందరి చూపూ ఇంజను మీదికే పోతుంది. ఎన్ని సీసీలు, ఎంత హార్స్‌పవర్, ఎత్తు ఎక్కుతుందా లేదా అని లెక్కలు మొదలవుతాయి. రైలింజను నడిపి రిటైరైన నాకు మాత్రం ముందు నోటికొచ్చే ప్రశ్న వేరు. ఆపగలదా? దీనికి జవాబు దొరికాకే లాగే సంగతి మాట్లాడాలని నా ఉద్యోగం నాకు నేర్పింది. పట్టాల మీద నేర్చుకున్న ఆ పాఠం రోడ్డు మీద కూడా ఎంత అక్కరకొస్తుందో ఈమధ్య మా ఇంట్లోనే చూశాను.

మాది శ్రీకాకుళం వైపు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే మా జిల్లాల జనాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ అంటే మా వాళ్లకి పరాయి ఊళ్లు కావు, చుట్టాలుండే ఊళ్లు. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడేనాటికి ఇక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు ఇళ్లు మూడో తరానికి వచ్చేశాయి. క్వార్టరు ఖాళీ చేశాక మేం బిలాస్‌పూర్‌లోనే సీపత్ రోడ్డు వైపు, రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. మా మేనల్లుడు కూడా ఈ పక్క వీధిలోనే ఉంటాడు.

వాడి దగ్గర సీజీ 10 నంబరుతో ఒక పాత డీజిల్ జీపు ఉంది. పదిహేనేళ్లు నిండితే, మరో ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. దానికి తగిలించుకుని వెళ్లడానికి ఎవరో వాడి అమ్ముతున్న క్యారవాన్ ట్రైలరు ఒకటి చూసుకున్నాడు. లోపల రెండు పడకలు, చిన్న సింకు, నీళ్ల ట్యాంకు, గ్యాసు పొయ్యి. పిల్లల్ని తీసుకుని ముందు అమర్‌కంటక్ వెళ్లాలని, అది బాగుంటే వేసవిలో మన ఊరు దాకా పోవాలని వాడి ముచ్చట.

"మావయ్యా, ఇంజను ఓవర్‌హాల్ చేయించాను. మిస్త్రీ అయితే టన్నున్నర ఇట్టే లాగుతుందన్నాడు. నువ్వొకసారి చూసి సరే అంటే బయానా ఇచ్చేస్తాను" అన్నాడు.

"లాగుతుందిరా, నాకూ అనుమానం లేదు. బయానా తర్వాత. ముందు రెండూ కాటా వేయించుకురా" అన్నాను.

అలా అనడానికి కారణం ఉంది. రైల్వేలో ఏ ఇంజను ఏ సెక్షన్లో ఎంత బరువు లాగాలో డ్రైవరు ధైర్యాన్ని బట్టి నిర్ణయించరు. ఇంజను తరగతిని బట్టి, దారి ఎత్తును బట్టి ముందే రాసిపెట్టిన పట్టిక ఉంటుంది. కట్నీ లైన్లో భన్వర్‌టోంక్ ఘాట్ లాంటి చోట గూడ్సు వెనక బ్యాంకర్ ఇంజను తగిలించి నెట్టిస్తారు. అయినా బండి కదలడానికి అసలు అనుమతి ఇంజను ఇవ్వదు. బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇస్తుంది. మేం బీపీసీ అంటాం. క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది రేకు, అంటే వ్యాగన్ల వరస, వెంట నడుస్తూ ప్రతి వ్యాగను బ్రేకూ చూసి, పని చేస్తున్నవి ఎన్నో కాగితం మీద పెట్టి ఇస్తారు. కోర్బా బొగ్గు తిప్పే క్లోజ్డ్ సర్క్యూట్ రేకులైతే బయల్దేరేటప్పుడు నూటికి నూరు పని చెయ్యాల్సిందే. ఆ కాగితం చేతికందనిదే మేం హ్యాండిల్ ముట్టేవాళ్లం కాదు. అక్కడితో అయిపోదు. స్టేషను దాటాక, వేగం అందుకోకముందే ఒకసారి బ్రేకు వేసి, అది పట్టుకుంటున్న తీరు ఒంటికి తెలిశాకే ముందుకు పోవాలి.

ఉదాహరణకి, 2022 ఆగస్టు 15న మా జోన్ 'సూపర్ వాసుకి' బండిని నడిపింది. కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ వైపు 295 వ్యాగన్లు, సుమారు 27,000 టన్నుల బొగ్గు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. ఆరు ఇంజన్లు కట్టారు. ఆ ఆరింటి బలం గురించి ఊరంతా చెప్పుకుంది. రన్నింగ్ స్టాఫ్ ఆలోచన ఇంకో వైపు ఉంటుంది. లాగే పని ఆరు ఇంజన్లది. ఆగే పని మాత్రం 295 వ్యాగన్లదీ. ప్రతి వ్యాగనుకూ సొంత బ్రేకు సిలిండరుంది, సొంత బ్రేకు బ్లాకులున్నాయి. బండి పొడవునా పోయే గొట్టంలో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల చొప్పున గాలి ఒత్తిడి నిలిచినంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి. గొట్టం తెగిందా, గాలి పోతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి. 1870ల మొదట్లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ పెట్టిన పద్ధతి ఇది. ఏదైనా చెడిపోతే బండి ఆగాలే తప్ప పారిపోకూడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

ఆ ఆలోచన అందరికీ తలకెక్కడానికి పెద్ద దుర్ఘటనే జరగాల్సి వచ్చింది. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా నుంచి ఆదివారపు బడి పిల్లలతో, వాళ్ల పెద్దవాళ్లతో ఒక విహారయాత్ర రైలు బయల్దేరింది. జనం ఎక్కువై పెట్టెల్ని పదిహేనుకి పెంచారు. అంత బరువు తన ఇంజను లాగలేదని డ్రైవరు మొదట అభ్యంతరం చెప్పాడు. స్టేషను మాస్టరుతో మాటామాటా పెరిగింది. చివరికి అలాగే కదిలాడు. 75 అడుగులకి అడుగు లేచే ఎత్తులో, కొండ కొస కాస్త దూరంలో ఉందనగా బండి నిలిచిపోయింది. ముందున్న కొన్ని పెట్టెల్ని మొదట పైకి చేర్చి వద్దామని రైలును రెండుగా విడదీశారు. ఆ రైలుకున్న వాక్యూమ్ బ్రేకు ఇంజనుతో సంబంధం ఉన్నంతవరకే పని చేసేది. విడదీయగానే వెనక పది పెట్టెలకి మిగిలిన ఆధారం ఒక్క చేతి బ్రేకూ, చక్రాల కింద పెట్టిన రాళ్లూ. ముందు భాగం కదలబోతూ కొంచెం వెనక్కి తగిలింది. రాళ్లు నలిగిపోయాయి. పది పెట్టెలూ వాలులో వెనక్కి పరుగెత్తి, కింద నుంచి వస్తున్న రైలును గుద్దుకున్నాయి. 80 మంది పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్లన్నిటికీ ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఇంజను లాగలేకపోవడం వల్ల అక్కడ ఎవరి ప్రాణమూ పోలేదు. నిలిచిన పెట్టెల్ని నిలిపి ఉంచే దిక్కు లేకపోవడం వల్ల పోయాయి. మా మేనల్లుడికి ఈ సంగతంతా కూర్చోబెట్టి చెప్పాను. ఏటి గట్టు దిగే బస్తాల బండి గుర్తు చేశాను. ఎక్కేటప్పుడు ఎద్దులు బండిని లాగుతాయి, దిగేటప్పుడు బండే కాడితో ఎద్దుల మెడ మీదికి వచ్చి తోస్తుంది. వెనక తగిలించిన ట్రైలరు చేసేదీ అదే.

వాడు ధర్మకాంటాకి వెళ్లి చీటీలు తెచ్చాడు. అమ్మేవాడు ట్రైలరు ఆరేడు వందల కిలోలుంటుందని చెప్పాడట. ట్యాంకు నిండా నీళ్లు, నిండు సిలిండరు, పరుపులు, సామాను పెట్టి తూస్తే 980 కిలోలు తేలింది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు, నిండు సిలిండరంటే దగ్గర దగ్గర ముప్పై కిలోలు. జనంతో, సామానుతో జీపు బరువు 2,100. రెండూ కలిస్తే 3,080 కిలోలు. ట్రైలరుకి సొంత బ్రేకు లేదు. అంటే 2,100 కిలోల్ని ఆపే బ్రేకుల మీద దాదాపు సగం బరువు అదనంగా పడుతుంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. యూరప్ దేశాల్లో ట్రైలరు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు.

దారి కూడా చూడాలి కదా. బిలాస్‌పూర్ సముద్ర మట్టానికి మూడొందల మీటర్ల లోపు ఎత్తులో ఉంది. అమర్‌కంటక్ వెయ్యి మీటర్లు దాటుతుంది. రతన్‌పూర్, కెందా మీదుగా ఘాట్ ఎక్కాలి, తిరుగు ప్రయాణంలో అంతా దిగాలి. రైలుకి వందకి ఒకటి ఎత్తంటేనే మేం గట్టి ఎత్తుగా లెక్కేస్తాం. ఘాట్ రోడ్డుకి ఇరవైకి ఒకటి మామూలే. ఆ వాలులో 3,080 కిలోల బరువు ఎప్పుడూ 154 కిలోల తోపుడుతో కిందికి ఒత్తుతూనే ఉంటుంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలుతాయి. ఆ వేడి బ్రేక్ ఆయిలుకి చేరుతుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం కాబట్టి, పాతబడితే 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి చేరుతుంది, పెడలు నేలకి ఆనుతుంది, బండి ఆగదు.

ఒక ఆదివారం మా వాకిట్లోనే మిస్త్రీని పిలిపించి జీపుని జాకీల మీద లేపాం. ఆయిలు డబ్బా మూత తీస్తే లోపల ద్రవం టీ డికాషన్ రంగులో ఉంది. ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. వెనక డ్రమ్ము విప్పితే లైనింగు ఒక పక్క ఎక్కువ అరిగి, అంచు దగ్గర సిలిండరు చెమ్మగా కనిపించింది. ఇవన్నీ మార్చుకోగలిగినవే. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూపించాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాట్లు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోయింది. అవీ మార్చుకోవచ్చు. హుక్కు బిగించాల్సిన చోట, వెనక ఛాసిస్ అడ్డదూలం మీద మిస్త్రీ సుత్తితో తట్టాడు. ఒక పక్క ఖంగుమంది. రెండో పక్క మొద్దుగా పలికింది. రంగు గీకితే పొరలు పొరలుగా తుప్పు రాలింది. మిస్త్రీ నా వైపు చూసి "సాబ్, ఇక్కడ వెల్డింగు పెట్టి దీన్ని నమ్మమని నేను చెప్పను" అన్నాడు. టన్నున్నర లాగుతుందన్న మనిషే ఆ మాటా అన్నాడు. నాకు అతని మీద గౌరవం పెరిగింది.

ట్రైలరులో ఇంకో సంగతి చూశాం. కప్లింగు కొన కింద ఇంట్లో బరువు చూసుకునే యంత్రం పెడితే పాతిక కిలోలే చూపించింది. యూరప్‌లో సాధారణంగా ట్రైలరు బరువులో వందకి ఐదు నుంచి ఏడు పాళ్లు, అమెరికాలో పది నుంచి పదిహేను పాళ్లు ముందు కొన మీద పడేలా చూస్తారు. నీళ్ల ట్యాంకు వెనకనుండటంతో ఇక్కడ ముందు తేలిపోయింది. అలాంటి ట్రైలరు వేగం అందుకున్నాక తోకాడించడం మొదలెడుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే, ముందున్న బండిని కూడా తిప్పేస్తుంది.

"నెమ్మదిగా పోతాను మావయ్యా, నలభై దాటను" అన్నాడు మేనల్లుడు. వాడి బాధ నాకు తెలుసు. పిల్లలకి మాట ఇచ్చేశాడు. వీధిలో వాళ్లకి చెప్పేశాడు. ఇంట్లో అందరూ సర్దుకుంటున్నారు. ఆర్మా డ్రైవరు మీద పడిన ఒత్తిడీ ఇలాంటిదే అయి ఉంటుంది. ఒత్తిడి పెట్టేవాళ్లు శత్రువులు కారు. బయల్దేరాలని ఆశపడే మనవాళ్లే. నెమ్మదిగా పోవడం మంచిదే, కానీ వాలులో బరువు నెమ్మదించదు. మలుపులో ఎదురొచ్చే లారీ మన వేగం చూసి రాదు. బ్రేకు మీద కాలు పెట్టే మనిషికి వద్దనే హక్కుండాలి. ఆ హక్కును ఇంట్లో వాళ్లు మన్నించాలి.

బయానా ఇవ్వలేదు. జీపుకి బ్రేకులు, ఆయిలు, టైర్లు మార్పించి ఊళ్లో తిరగడానికి ఉంచుకున్నాడు. పిల్లల్ని పెండ్రా రోడ్ దాకా రైల్లో తీసుకెళ్లి, అక్కణ్నుంచి అద్దె కారులో అమర్‌కంటక్ చూపించుకొచ్చాడు. ట్రైలరు మీద మనసు పోలేదు. ఎప్పటికైనా సొంత బ్రేకులు, తెగితే బ్రేకు వేసే తాడు, రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నది దొరికి, దాన్ని లాగడానికి తయారీదారు అనుమతించిన బండి కొన్నాకే కొంటానన్నాడు. అప్పుడు నేనే పక్క సీట్లో కూర్చుని వస్తానని మాట ఇచ్చాను.

మీలో ఎవరైనా పాత బండికి ట్రైలరు తగిలించాలనుకుంటుంటే నాదొక విన్నపం. మీ బండి పుస్తకంలో ఎంత లాగొచ్చని రాశారో చూడండి. ఏమీ రాయకపోతే లాగొద్దనే అర్థం చేసుకోండి. అన్నీ నింపాకే కాటా వేయించండి, అమ్మేవాడి నోటి లెక్క నమ్మొద్దు. బ్రేకులు, ఆయిలు, టైర్లు, ఛాసిస్ మీకు సంబంధం లేని మిస్త్రీతో చూపించండి. బండికి హుక్కు బిగించడం లాంటి మార్పులకి ఆర్టీవో అనుమతి, ట్రైలరుకి సొంత రిజిస్ట్రేషన్, బీమా ఉన్నాయో లేదో తేల్చుకోండి. వీటిలో ఒక్కదానికైనా సరైన జవాబు రాకపోతే ఆ ప్రయాణం మానుకోండి. ఊరు చూడటానికి ఇంకో దారి ఎప్పుడూ దొరుకుతుంది.