వెదురు బోలుగా ఎందుకుంటది?

పోస్టు కొంచెం పొడుగుంది. మన పిల్లలు ప్రొక్లైన్లు, జేసీబీలు, టిప్పర్ల మీద ఆపరేటర్లుగా, హెల్పర్లుగా ఎక్కువమంది పోతున్నారు కాబట్టి రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

మేము హాస్టల్లో ఒకే గదిలో ఉండే ముగ్గురం. మెకానికల్ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మన వైపు యాడ చూసినా యంత్రాలే. మార్కాపురం పలకల క్వారీలు, గిద్దలూరు రోడ్డు పనులు, దోర్నాల దగ్గర వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం నీళ్ల కోసం నల్లమల కింద ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైగా రెండు సొరంగాలు తవ్వారు. ఒకటి 7 మీటర్ల వెడల్పు, ఇంకోటి 9.2 మీటర్లు. ఇన్ని యంత్రాల మధ్య బతుకుతున్నా, మనకు నేర్పేది లివర్లు లాగడం వరకే. ఇనుము ఎందుకు పగులుతదో ఎవరూ చెప్పరు.

మాలో ఒకరి బావ ఒక క్వారీలో ప్రొక్లైన్ నడుపుతాడు. బూమ్ పైన వెల్డింగ్ దగ్గర పగులు వచ్చింది. 16 ఎంఎం ప్లేటు అడ్డంగా కోసి పైన అతికించారు. రెండు నెలలు తిరక్కముందే ఆ ప్లేటు చివరనే మళ్లీ పగిలింది. బూమ్ దగ్గర్లో పనిచేసే హెల్పర్లు ఇద్దరూ మన వాళ్లే. బావ బండి ఎక్కనన్నాడు. "అయితే ఇంటికి పో" అన్నారు. 12 రోజులు పని లేదు. ఆదివారం హాస్టల్‌కి వచ్చి, "ఏరా, అంత లావు ప్లేటు ఏసినాక గూడా ఎందుకు పగిలింది? మీరు చదివేది ఇదే గదా" అని అడిగాడు. మా చదువును మన మనిషి ఒకరు పనికోసం అడగడం అదే మొదటిసారి.

మేము చెప్పింది ఇది. బకెట్ నిండా రాయి ఎత్తినప్పుడు బూమ్ పైభాగం సాగుతది, కింది భాగం నలుగుతది. మధ్యలో ఉన్న ఇనుముకు పెద్దగా పని ఉండదు. అందుకే బూమ్‌ను లోపల బోలుగా పెట్టెలాగా చేస్తారు. లెక్క చూడండి. 10 సెంటీమీటర్ల చదరపు గట్టి కడ్డీ తీసుకోండి. అంతే ఇనుముతో 20 సెంటీమీటర్ల బోలు పెట్టె చేస్తే గోడ మందం సుమారు 1.3 సెంటీమీటర్లు వస్తది. బరువు అంతే. కానీ వంగకుండా నిలబడే బిగువు 7 రెట్లు, మోసే బలం 3.5 రెట్లు పెరుగుతది.

క్లాసులో ఈ పాఠం మాకు తొందరగా ఎక్కింది. వెదురు చూస్తూ పెరిగినోళ్లం గదా. వెదురు బోలుగా ఉండే బరువు మోస్తది. గోడ మరీ పల్చనైతే నొక్కుకుపోతది, అందుకే మధ్యమధ్య కణుపులు. బూమ్ లోపల కూడా పిన్నుల దగ్గర అడ్డ ప్లేట్లు పెడతారు, అవి దాని కణుపులు. ఇంకోటి, గాటు పడిన వెదురును మన పెద్దోళ్లు నిచ్చెనకు వాడరు. విరిగేది ఆ గాటు దగ్గరే అని వాళ్లకు తెలుసు.

బావ బండికి జరిగింది అదే. ప్లేటు ఉన్నంత మేర బూమ్ బిగుసుకుపోయింది, ప్లేటు అయిపోయిన చోట ఒక్కసారిగా మెత్తబడింది. వంపు అంతా వచ్చి ఆ అడ్డ వెల్డింగ్ గీత మీద పడింది. అది గాటుతో సమానం. పైగా బరువు. 10 ఎంఎం ప్లేటు ఒక చదరపు మీటరు 78.5 కిలోలు, 16 ఎంఎం అయితే 125 కిలోలు దాటుతది. అది బకెట్ వైపు ఉన్నకొద్దీ ఎత్తే రాయి తగ్గుతది, డీజిల్ ఎక్కువ తాగుతది.

మరి ఎట్టా చేయాలి? ముందు పగులు చివర యాడుందో రంగు మందు పూసి వెతకాలి. చివర రంధ్రం వేస్తే పగులు పాకడం కొన్నాళ్లు ఆగుతది, కానీ అది మరమ్మతు కాదు. పగులును అడుగుదాకా తవ్వి పూర్తిగా నింపి వెల్డింగ్ చేయాలి. ప్లేటు తప్పదంటే చివరలు కోసుగా సన్నబడేలా కోయాలి, సాగే భాగం మీద అడ్డంగా వెల్డింగ్ గీయొద్దు. వెల్డింగ్ అంచును గ్రైండర్‌తో నున్నగా చేయాలి. రాడ్లు తేమ లేకుండా ఆరబెట్టి వాడాలి, మందపు ఇనుమును ముందు వేడి చేయాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి.

మంచి రకం ఉక్కు వాడితే చాలదా అని బావ అడిగాడు. ఇ250 ఉక్కు 250 మెగాపాస్కల్ దాకా తట్టుకుంటే ఇ350 రకం 350 దాకా తట్టుకుంటది, బరువు మాత్రం ఒకటే. కాబట్టి పల్చటి ప్లేటుతో పని నడుస్తది. కానీ పదేపదే వంగితే వెల్డింగ్ దగ్గర వచ్చే పగులుకు ఖరీదైన ఉక్కు పెద్దగా అడ్డం పడదు. అక్కడ ఆకారమే కాపాడాలి.

ఇదంతా నోటుబుక్కు కాగితం మీద బొమ్మ గీశాం. మా సారు చూసి రెండు కొలతలు కలిపారు. బావ దాన్ని క్వారీలో చూపించాడు. పాత ప్లేటు తీయించి మళ్లీ చేయించారు, బండి నడుస్తోంది. ఆ 12 రోజుల కూలి మాత్రం రాలేదు.

బండి మీద ఉన్న అన్నలూ, తమ్ముళ్లూ, పొద్దున ఎక్కేముందు బూమ్ వెల్డింగ్ గీతలు, పిన్నుల చుట్టూ ఒకసారి గుడ్డతో తుడిచి చూడండి. పెయింట్ మీద సన్నగా తుప్పు గీత కనిపిస్తే అది పగులేమోనని అనుమానించండి. ఎత్తిన బూమ్ కింద ఎవర్నీ నిలబడనీయొద్దు. పగులు కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, మేము మా సార్లకు చూపించి అడిగి చెప్తాం. పదో తరగతి అయిన పిల్లలుంటే పాలిటెక్నిక్‌లో మెకానికల్ గురించి అడగండి. ఫారం నింపడానికి మేమున్నాం.