అశోక్‌నగర్ నాలా, జాకెట్ జిప్పు

2025 జూలై 11, శుక్రవారం

ఆషాఢం డిస్కౌంట్లతో హైదరాబాద్‌లోని నారాయణగూడ కిటకిటలాడుతోంది. మ్యాచింగ్ సెంటర్‌లో లైనింగ్, ఫాల్, హుక్కులు, గుండీలు తీసుకున్నాను. కౌంటర్ వెనక గోడంతా గుండీల డబ్బాలే. లోపలున్న రకం తెలిసేలా ఒక్కో డబ్బా మీద ఒక్కో గుండీ కుట్టారు. హుక్కులు, ప్రెస్ బటన్లు వదిలేస్తే ఆ కొట్లో ముప్పాతిక మువ్వీసం ప్లాస్టిక్కే. గుండీలు, జిప్పుల పట్టీలు, లేసులు, మిషన్ దారం, చివరికి మెడ దగ్గర కుట్టే లేబుల్ కూడా.

వాడేసిన ప్లాస్టిక్‌తో చేసిన గుండీలు ఉన్నాయా అని అడిగాను. కుర్రాడు లోపలికెళ్లి యజమానిని అడిగొచ్చాడు. "ఎవరూ అడగరంట మేడం, అందుకే తెప్పించలేదంట."

జూలై 16, బుధవారం

అక్క కొడుకు అమెరికా నుంచి తెచ్చుకున్న జాకెట్. జిప్పు పైకి లాగుతుంటే కింద విడిపోతోంది. సముద్రపు ప్లాస్టిక్‌తో చేసిన జిప్పు అని లోపల ట్యాగు మీద ఉంది. చిక్కడపల్లి సందులోని మా టైలర్ రెండుసార్లు లాగి చూశాడు. "జిప్పు శుభ్రంగా ఉందమ్మా. రన్నర్ వదులైంది, అది మారిస్తే చాలు." పటకారుతో పై అడ్డు తీసి కొత్త రన్నర్ ఎక్కించాడు. "అందరూ జిప్పు మొత్తం మార్చమంటారు. మారిస్తే నాకు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. బాగున్నదాన్ని పీకడానికే చెయ్యి రాదు."

ఈ విషయంలో ఇంతకంటే తెలివైన మాట నేను ఏ కంపెనీ ప్రకటనలోనూ చదవలేదు.

జూలై 20, ఆదివారం

నగర కేంద్ర గ్రంథాలయం. గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కుర్చీలన్నీ నిండిపోయాయి. మూలన చోటు దొరికితే కూర్చుని ఆ ట్యాగు సంగతేమిటో చదివాను.

జపాన్ కంపెనీ వైకేకే ఇలాంటి జిప్పులు చేస్తోంది. ప్లాస్టిక్ ఏరేది శ్రీలంకలో, తీరానికి 50 కిలోమీటర్ల లోపు. అంటే చాలావరకు అది ఇంకా సముద్రంలో పడనిదే. దీన్ని నేను తప్పు పట్టను. ఏళ్ల తరబడి ఎండకు ఎండి ఉప్పునీటిలో నానిన ప్లాస్టిక్ పెళుసుబారిపోతుంది, దాంతో సన్నటి దారం తీయడం చాలా కష్టం. పడకముందే ఏరాలి. కాకపోతే ట్యాగు మీద ఆ ముక్క కూడా రాస్తే బాగుండు.

చేపల వలల సంగతి వేరు. నైలాన్-6తో అల్లిన వలను రసాయనికంగా విడగొట్టి, దాని తొలి ముడిసరుకైన కాప్రోలాక్టమ్ దాకా వెనక్కి తీసుకెళ్లవచ్చు. అందులోంచి మళ్లీ తీసిన నైలాన్ కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. ఇటలీకి చెందిన ఆక్వాఫిల్ 2011 నుంచి స్లొవేనియాలో ఈ పని చేస్తోంది. చిలీ తీరంలో బ్యూరియో అనే సంస్థ జాలర్ల పాత వలలు సేకరిస్తుంది. దుస్తుల కంపెనీ పటగోనియా టోపీల ముందంచుల్లో ఉన్నది ఆ ప్లాస్టిక్కే.

మన చొక్కా గుండీలు ఎక్కువగా పాలియెస్టర్ రెజిన్‌వి. ఆ రెజిన్ ఒకసారి గట్టిపడితే ఇక కరగదు. విరిగితే చెత్తే. నైలాన్ గుండీని మాత్రం కరిగించి మళ్లీ పోత పోయవచ్చు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. నిన్నటి పెద్ద వానకు అశోక్‌నగర్ నాలా బురదరంగులో పరుగెడుతోంది. వంతెన మీద పూలబుట్టలతో నిలబడ్డవాళ్ల పక్కన నేనూ చూస్తూ ఉండిపోయాను. నీళ్ల సీసాలు, పాల కవర్లు, కర్రీ పాయింట్ పొట్లాలు, తెగిన చెప్పు.

హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే ఈ నీళ్లు నల్లకుంట, గోల్నాక దాటి మూసీలో పడతాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తర్వాత పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, చివరికి హంసలదీవి దగ్గర సముద్రం. ఆ చెత్తలో కొంత దారిలోనే ఆగిపోతుంది, గేట్లెత్తినప్పుడు కొంత దాటిపోతుంది.

ఆ 50 కిలోమీటర్ల లెక్క 2015లో అమెరికా శాస్త్రవేత్త జెన్నా జాంబెక్ బృందం ప్రచురించిన పరిశోధనలోనూ ఉంది. 2010లో ఒక్క ఏడాదిలో 48 లక్షల నుంచి 127 లక్షల టన్నుల ప్లాస్టిక్ సముద్రాల్లోకి చేరిందని వాళ్ల అంచనా. అందులో లెక్కించింది తీరానికి 50 కిలోమీటర్ల లోపు నివసించేవాళ్ల చెత్తనే. హైదరాబాద్‌కు తీరం 250 కిలోమీటర్ల పైమాటే. కాబట్టి అదే సీసాను శ్రీలంక తీరంలో ఏరితే సముద్రపు ప్లాస్టిక్ అవుతుంది, అశోక్‌నగర్‌లో ఏరితే వట్టి చెత్త. ఇది న్యాయం కాదు. గోనెసంచి భుజాన వేసుకుని నాలా పక్కన తిరిగే ఆడవాళ్లు సముద్రానికి చేసే మేలు ఎవరికీ తక్కువ కాదు.

ఆగస్టు 26, మంగళవారం

2022లో ఇదే తేదీన విశాఖలో ఒక్క పొద్దుటిపూట తీరం నుంచి 76 టన్నుల ప్లాస్టిక్ తీశామని ప్రకటించారు. ఆంధ్రా యూనివర్సిటీలో జరిగిన సభలో పార్లే ఫర్ ది ఓషన్స్ సంస్థతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఆ ప్లాస్టిక్‌తో చేసిన బూట్లు, కళ్లజోడు చూపించారు. మంచి పనే. నాకు కావలసింది మాత్రం రోజూ జరిగే పని. కేరళలో కొల్లం దగ్గర శక్తికుళంగరలో 2017 నుంచి బోట్లవాళ్లు వలలో పడ్డ ప్లాస్టిక్‌ను మళ్లీ నీళ్లలో పారేయకుండా ఒడ్డుకు తెచ్చారు. దాన్ని తురిమి రోడ్లకు వాడారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో చిరిగిన నైలాన్ వలకు ఒక ధర, ఇచ్చే చోటు ఉంటే దాన్ని ఎవరు పారేస్తారు?

ఆగస్టు 31, ఆదివారం

వినాయకుడి మైకుల మధ్య పాత బట్టలు సర్దాను. పానిపట్టులో పాత బట్టలను చీల్చి నూలు తీసే ముందు గుండీలు, జిప్పులు చేత్తోనే కోయాలి. ఆ పని అక్కడ ఆడవాళ్లదే. ఈ బట్టలవి నేనే కోసి డబ్బాలో వేశాను, మళ్లీ వాడటానికి.

మన సర్కారు బడి పిల్లల యూనిఫారాలు మహిళా సంఘాలు కుడుతున్నాయి. ఆ గుండీలు పాత వలల నైలాన్‌తో చేసినవై ఉండాలని కొనుగోలు పత్రంలో ప్రభుత్వం ఒక్క వాక్యం రాయాలి. అంత పెద్ద ఆర్డరు వస్తే తయారుచేసేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. మీరూ ఈసారి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లినప్పుడు అలాంటి గుండీల కోసం అడగండి. జిప్పు పాడైతే ముందు రన్నర్ మార్పించండి.