ఎం-బుక్ అనే పాల కార్డు

ఇంటి లెక్కలు చూసుకునే ఆడవాళ్ళందరికీ పాల కార్డు సంగతి తెలుసు. పాలవాడు తన పుస్తకంలో ఒక గీత గీస్తాడు, మనం మన కార్డులో ఒక గీత గీస్తాం. పండక్కి ఊరెళ్ళిన నాలుగు రోజులూ అతని పుస్తకంలో గీతలు పడిపోయినా, ఒకటో తారీఖున రెండూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. "అలవాటులో గీసేశానమ్మా" అంటాడు, డబ్బులు తగ్గించుకుంటాడు. మన దగ్గర కార్డు లేకపోతే మాత్రం అతని పుస్తకమే వేదం.

ప్రభుత్వం చేయించే పనులకీ అలాంటి పుస్తకం ఉంటుంది. మెజర్‌మెంట్ బుక్ అంటారు, ఆఫీసుల్లో అందరూ ఎం-బుక్ అనే పిలుస్తారు. రోడ్డు కానివ్వండి, కాలువ కానివ్వండి, స్కూలు గోడ కానివ్వండి, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం పని జరిగిందో ఇంజనీరు కొలిచి అందులో రాయాలి. పై ఇంజనీరు దాన్ని సరిచూడాలి. ఆ తర్వాతే కాంట్రాక్టరుకి బిల్లు. చూడ్డానికి పకడ్బందీ ఏర్పాటే. కానీ రెండో కార్డు ఎవరి దగ్గరా ఉండదు. మా వీధిలో ఆ రెండో కార్డు ఎలా తయారైందో చెబుతాను.

కిందటేడు వేసవిలో మా వీధి కాలువ తవ్వి, సిమెంటుతో కట్టి, పైన మూతబిల్లలు వేయడం మొదలుపెట్టారు. ఆ చివరి నుంచి ఆంజనేయస్వామి గుడి దాకా బిల్లలు పడ్డాయి. అక్కడితో పని ఆగింది. గుడి నుంచి మా ఇంటి మీదుగా మెయిన్ రోడ్డు దాకా కాలువ నోరు తెరుచుకునే ఉంది. ప్రతి ఇంటి ముందూ ఎవరికి దొరికిన చెక్క వాళ్ళు వేసుకున్నాం. పాత తలుపులు, విరిగిన మంచం పట్టీలు, ఒకరైతే పాత కూలరు రేకు. ఆగస్టులో ఒక రాత్రి వాన పడుతుంటే, కరెంటు లేని వేళ, పక్కింటి మామ్మగారు గేటు వేయడానికి వచ్చి కాలువలో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. పొద్దున్నే లేచి వీధంతా తిరిగి పూలు కోసుకొచ్చే మనిషి. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు వాకర్‌తో వరండా దాకా వస్తున్నారు, అంతే.

దానికి ముందూ తర్వాతా మేం తిరగని తిరుగుడు లేదు. వార్డు సచివాలయంలో చెప్పాం. సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. "పరిశీలించి తగు చర్య తీసుకుంటాం" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. కొన్నాళ్ళకి "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఇంకో మెసేజ్ వచ్చింది. అది చదివి మా అత్తయ్య కిటికీలోంచి కాలువకేసి చూసి, "ఎవరికి పరిష్కారమైందట?" అన్నారు.

ఎదురింటి టీచరుగారు ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆవిడే అన్నారు, "అర్జీ పెడితే దయ చూపమని అడిగినట్టు ఉంటుందమ్మా. కాగితాలు చూపించమని అడుగుదాం" అని. సమాచార హక్కు చట్టం పేరు మనందరం విన్నదే. 2005లో వచ్చింది, ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. పేపర్లో ఎవరో పెద్దవాళ్ళు వాడి కుంభకోణాలు బయటపెట్టే చట్టమని అనుకుంటాం గానీ, మురికి కాలువకి కూడా పనికొస్తుందని తట్టదు.

టీచరుగారు చెప్పిన కిటుకు ఒకటే. ఆ చట్టం కింద "ఎందుకు" అని అడగకూడదు. "బిల్లలు ఎందుకు వేయలేదు?" అంటే, అలాంటి సమాచారం మా రికార్డుల్లో లేదని జవాబు రాసి దులుపుకుంటారు. ఆఫీసులో ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. మేం అడిగినవి ఐదు: ఈ పని అంచనా ప్రతి, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం ప్రతి, పని మొదలుపెట్టిన తేదీ, పూర్తి చేయాల్సిన తేదీ ఉన్న కాగితం, ఎం-బుక్‌లో ఈ పనికి సంబంధించిన పేజీలు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాశాం. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేశాం. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, వాళ్ళు అడగనూ కూడదు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పినా పౌర సమాచార అధికారే సాయం చేసి రాతలో పెట్టాలని చట్టంలోనే ఉంది. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళకి ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు. మా పనమ్మాయి పేరు మీద కూడా ఒకటి పెట్టాం. తనూ ఆ కాలువ దాటే కదా రోజూ వచ్చేది!

ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు రాలేదు గానీ, ఇరవయ్యో రోజున ఒకాయన మోటారు సైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. "అమ్మా, మీరేదో కాగితం పెట్టారట, మీ వారితో మాట్లాడాలి" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. కానీ నేను ఆఫీసులో ఇచ్చిన అడ్రసు అతనికెలా తెలిసింది? మా వారు సాయంత్రం ఇంటికొచ్చి విని, "మనకెందుకు ఈ తలనొప్పి, పిల్లలున్న ఇల్లు" అన్నారు. ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. ఈ చట్టం కింద ప్రశ్న వేసినందుకు దెబ్బలు తిన్నవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. ఇంటి అడ్రసు బదులు పోస్టు బాక్సు నంబరు ఇచ్చినా చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది కూడా అందుకే. మా దారి వేరే. మర్నాడు వీధిలో ఇంకో ఆరుగురు అవే ఐదు ప్రశ్నలతో తలా ఒక దరఖాస్తు పెట్టారు. ఒక్క ఇంటికి వచ్చి మాట్లాడగలరు గానీ ఎనిమిది ఇళ్ళకి తిరగాలంటే ఎవరికైనా ఓపిక కావాలిగా. ఆ మోటారు సైకిల్ మళ్ళీ కనబడలేదు.

ముప్ఫై రోజులు దాటాక అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేశాం. అక్కడా కాకపోతే సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ఆలస్యానికి రోజుకి 250 రూపాయల చొప్పున, 25,000 దాకా ఆ అధికారి జేబులోంచే జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. అంతదూరం వెళ్ళాల్సిన పని పడలేదు. వచ్చి ఫైలు చూసుకోమని ఉత్తరం వచ్చింది. రికార్డు చూడ్డం, నోట్సు రాసుకోవడం మాత్రమే కాదు, వాడిన సరుకు శాంపిలు తీసుకోవడం కూడా ఈ హక్కులో భాగమేనట. అంటే సిమెంటు ముక్కయినా అడగొచ్చు.

నలుగురం వెళ్ళాం. బెంచీ మీద కూర్చోబెట్టి ఫైలు ఇచ్చారు. లోపల ఇంగ్లీషు, పొట్టి పొట్టి అక్షరాలు. టీచరుగారు కళ్ళజోడు తుడుచుకుని చదువుతుంటే నేను రాసుకున్నాను. కాలువ 210 మీటర్లు. మూతబిల్లలు 210 మీటర్లకీ వేసినట్టు కొలత, సంతకం, తేదీ. ఆ తేదీ జూన్ నెలది. డబ్బు పూర్తిగా చెల్లించినట్టు బిల్లు. మామ్మగారు ఆగస్టులో పడింది, కాగితం మీద జూన్‌లోనే మూసేసిన కాలువలో!

కోపం కంటే ముందు నవ్వొచ్చింది. ఊరెళ్ళిన నాలుగు రోజులకీ పాలు పోసినట్టు గీత గీసినట్టే ఉంది కదండీ ఇది. ఆ పేజీల జిరాక్సులకి, పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టి, స్టాంపు వేయించుకుని తెచ్చుకున్నాం. ఆదివారం పొద్దున వడ్రంగి దగ్గర పొడవు టేపు అడిగి తెచ్చి వీధంతా కొలిచాం. టేపు దొరక్కపోతే చీరతో కొలుద్దామంది చివరింటి కోడలు, ఐదున్నర మీటర్ల లెక్కన. బిల్లలు ఉన్నది 96 మీటర్లు. ఒక కాగితం మీద ఎడమవైపు వాళ్ళ కొలత, కుడివైపు మా కొలత రాసి, కింద అందరం సంతకాలు పెట్టి, ఫొటోలు జతచేసి కమిషనరుగారికి ఇచ్చాం. ఈసారి "తగు చర్య" అనే మాట రాలేదు. వారంలో మళ్ళీ కొలతకి మనుషులొచ్చారు.

ఇదంతా అయ్యాక ఈ చట్టం ఎలా పుట్టిందో చదివాను. ఆశ్చర్యం ఏమిటంటే, అదీ కొలతల పుస్తకం దగ్గరే మొదలైంది. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్ళిన కూలీలకి, అందులో చాలామంది ఆడవాళ్ళు, మీరు చేసిన పని కొలతలో తక్కువ వచ్చిందని చెప్పి కనీస కూలి కూడా ఇచ్చేవాళ్ళు కాదు. ఏదీ ఆ కొలత, ఏదీ ఆ మస్టరు రోలు, చూపించమంటే అవి రహస్య పత్రాలన్నారు. ఐఏఎస్ ఉద్యోగం 1975లో వదిలేసిన అరుణా రాయ్, ఆమె సహచరులు, ఆ కూలీలు కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్ళో మొదటి జన సున్వాయి, అంటే బహిరంగ విచారణ, జరిగింది. రికార్డులు ఊరి మధ్య పైకి చదివారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ సంఘటన్‌లోని సుశీల అనే ఆమె గురించి అరుణా రాయ్ చాలా చోట్ల చెప్పారు. నాలుగో తరగతి చదివిన మీకు ఈ హక్కు ఎందుకని ఢిల్లీలో విలేకరులు అడిగితే, పది రూపాయలిచ్చి కొడుకుని బజారుకి పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, నా పేరున కోట్లు ఖర్చుపెట్టే సర్కారుని అడగొద్దా అన్నదట. ఎంత పెద్ద చదువు చదివినవాళ్ళు చెప్పినా ఇంతకంటే తేలిగ్గా చెప్పలేరు.

మన దగ్గరా అలాంటిది జరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పనులకి ఊళ్ళోవాళ్ళే తనిఖీ చేసే సామాజిక తనిఖీ మన రాష్ట్రంలో ఆ ఏడాదే మొదలైంది. ఊళ్ళోని చదువుకున్న పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, "పిన్నీ, ఈ ఆరు రోజులూ పనికెళ్ళావా, డబ్బు ముట్టిందా" అని అడిగి, తర్వాత సభలో అందరి ముందూ చదువుతారు. దీనికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీ కూడా పెట్టారు.

ఇక్కడే నాకో దిగులుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని ఒక సెక్షన్‌ని మార్చింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవడానికి కొన్ని షరతులుండేవి. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగతం అంటే చాలు, కాదనేయొచ్చు. ప్రజా ప్రయోజనం మాట చట్టంలో ఇంకోచోట మిగిలే ఉంది గానీ, దానికోసం మనం వాదించుకోవాలి. పేర్లు లేకుండా మస్టరు ఎలా చదువుతారు? ఎం-బుక్‌లో సంతకం చేసిన ఇంజనీరు పేరు వ్యక్తిగతం అంటే మేం ఎవర్ని అడగాలి?

మా వీధి సంగతికొస్తే, దీపావళి ముందు మిగతా బిల్లలు వేశారు. మెయిన్ రోడ్డు దగ్గర పదకొండు మీటర్లు ఇంకా మిగిలింది, అక్కడ టెలిఫోన్ స్తంభం అడ్డమట. జూన్‌లోనే డబ్బు ఎలా ఇచ్చారో, ఎవరు సంతకం చేశారో, వాళ్ళ మీద ఏం చేశారో ఎవరూ చెప్పలేదు. మామ్మగారి ఆపరేషన్ ఖర్చు వాళ్ళబ్బాయే పెట్టుకున్నాడు. తీసుకున్న చర్యల కాగితం ప్రతి ఇవ్వమని రెండో దరఖాస్తు పెట్టాం. దానికి ఇంకా పన్నెండు రోజుల గడువుంది.

మొన్న వెనకవీధి నుంచి ముగ్గురు వచ్చి మా దరఖాస్తు నకలు అడిగి తీసుకెళ్ళారు. వాళ్ళది కాలువ కాదు, సిమెంటు రోడ్డు. పొడవుతోపాటు మందం కూడా అడగమని చెప్పాను.