కాలువ గట్టు మీద ఆల్ప్స్

ఆల్ప్స్‌లో నడక అనగానే ఎవరికైనా ముందు ఏటవాలు ఎక్కుడే గుర్తొస్తుంది. ఊపిరాడని ఎత్తులు, జారే రాళ్లు, చేతిలో ఊతకర్ర. ఇటలీ ఉత్తరపు కొసన, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉన్న సౌత్ టైరోల్‌లో మాత్రం కొండ పక్కనే గంటల తరబడి ఇంచుమించు చదునుగా సాగిపోయే దారులున్నాయి. తలకు పైన ద్రాక్ష పందిళ్లు, కింద లోయ నిండా ఆపిల్ తోటలు, కాళ్ల పక్కనే గలగలమంటూ మూరెడు వెడల్పు కాలువ. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు కూడా వీటిలో చాలా దారుల్లో తీరిగ్గా నడిచి వస్తారు. ఇవేవీ నడిచేవాళ్ల కోసం వేసినవి కావు. నీళ్ల కోసం వేసినవి.

ఇక్కడ ఆడిజే నది పుట్టే వింష్‌గావ్ లోయలో వానలు బాగా తక్కువ. లోయ దిగువ భాగంలో ఏడాదికి 500 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అంతే. చుట్టూ 3 వేల మీటర్లు దాటిన శిఖరాలు మబ్బుల్ని అవతలే దింపేసుకుంటాయి. అనంతపురం రైతుకు ఈ లెక్క కొత్తేమీ కాదు. తేడా ఎక్కడంటే, ఇక్కడి రైతు తలెత్తితే కొండ మీద మంచు కనిపిస్తుంది. అది కరిగి వాగులై దిగుతుంది. ఆ వాగును పైనే మళ్లించి, కొండ ఒంటి మీదుగా మెల్లగా పొలాల దాకా నడిపించే కాలువను అక్కడివాళ్లు 'వాల్' అంటారు. వాలు ఎక్కువైతే నీరు గట్టును కోసేస్తుంది. తక్కువైతే నిలిచిపోయి ఒండ్రు పేరుకుంటుంది. ఆ రెంటి మధ్య లెక్క చూసుకుని తవ్విన కాలువకు, దాని బాగోగులు చూసే మనిషి తిరగడానికి గట్టు మీద ఒక బాట కావాలి కదా! ఈనాటి నడక దారి అదే. కొండల్లో ఇంత సుఖమైన నడక దొరుకుతోందంటే ఆ పుణ్యం పాతకాలపు నీటి లెక్కది.

వీటిలో అన్నిటికన్నా పొడవైనది మార్లింగ్ కాలువ. మెరాన్ పట్టణానికి ఎదురుగా, నదికి ఆవలి కొండ మీద, టోల్ అనే చోటు నుంచి లానా ఊరి దాకా 12 కిలోమీటర్లు. ష్నాల్స్ లోయలోని కార్తూసియన్ మఠం సన్యాసులు తమ భూములకు నీళ్లు పారించుకోవడానికి దీన్ని 1737లో మొదలుపెట్టి 1756లో పూర్తి చేయించారు. పందొమ్మిదేళ్ల పని. ఇప్పుడు ఈ గట్టు మీద నడుస్తుంటే ద్రాక్ష తోట, ఆపిల్ తోట, చెస్ట్‌నట్ చెట్ల నీడ, మళ్లీ ద్రాక్ష తోట, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. దారి చాలా చోట్ల సొంత పొలాల అంచునే పోతుంది. చేతికందేంత దూరంలో పండు వేలాడుతున్నా కోయకపోవడం నడిచేవాడి మర్యాద. ఆ పండే ఆ ఇంటి ఏడాది బతుకు.

కాలువను కాచే మనిషిని 'వాలర్' అంటారు. మన పల్లెల్లో నీరటి అంటే ఎవరో తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. తూములు ఎత్తడం, దించడం, అడ్డుపడిన కొమ్మలూ ఆకులూ తీయడం, గండి పడితే పూడ్చడం, ఎవరి వంతు ఎప్పుడో చూసుకోవడం అతని పని. నీటి వంతులు గంటల లెక్కన ఉండేవి. రాత్రి వంతు వచ్చినవాడు రాత్రే పారించుకోవాలి. కాలువ మైళ్ల పొడవు, కాపలాకు మనిషి ఒక్కడే. అందుకు వాళ్లు చేసుకున్న ఏర్పాటు కొన్ని చోట్ల ఇంకా కనిపిస్తుంది, వినిపిస్తుంది కూడా. కాలువలో చిన్న కొయ్య చక్రం. నీటి తోపుడుకు అది తిరుగుతుంది. చక్రానికున్న పుల్ల ఒక సుత్తిని పైకెత్తి వదిలేస్తుంది. సుత్తి వెళ్లి గంట మీద పడుతుంది. టంగ్, కాసేపాగి మళ్లీ టంగ్. గంట మోగుతున్నంతసేపూ నీరు సరిగ్గా వస్తున్నట్టు. గంట ఆగిందా, పైన ఎక్కడో అడ్డం పడింది, వాలర్ పార భుజాన వేసుకుని పరుగెత్తాలి. తీగ లేదు, కరెంటు లేదు. తమకు కావలసిన సంగతిని నీటి చేతే చెప్పించుకున్న ఈ తెలివి ముందు ఎంతసేపు నిలబడినా తనివి తీరదు.

అన్ని కాలువలూ ఇంత సాధువు కావు. నిలువు బండలు అడ్డొచ్చిన చోట మట్టిలో తవ్వే వీలుండదు. అక్కడ దుంగలను దోనెల్లా తొలిచి, కొండకు ఆన్చి, నీటిని గాలిలో నడిపించారు. యువాల్ కోట కింది నుంచి సాగే కాలువ దారి పక్కన ఆ కొండ మొండితనం తెలుస్తుంది. ఆ కోటకు కొత్త ప్రాణం పోసినవాడు రైన్‌హోల్డ్ మెస్నర్, 8 వేల మీటర్లు దాటిన 14 శిఖరాలనూ అందరికన్నా ముందు ఎక్కిన మనిషి. ఈ గడ్డ మీదే పుట్టాడు. 1983లో ఆ కోటను కొని బాగు చేయించాడు. 1995లో అక్కడ తన మ్యూజియం తెరిచాడు.

మెరాన్ చుట్టుపక్కల ద్రాక్షను పాత పద్ధతిలో పందిరి మీదే పాకిస్తారు. నడిచేవాళ్లు దాని కిందుగా పోతారు. ఎండ ఆకుల మీద పడుతుంది, గుత్తులు నీడలో వేలాడతాయి. ప్రిస్సియాన్ ఊళ్లో కాట్సెన్‌ట్సుంగెన్ అనే కోట పక్కన ఒకే ఒక్క తీగ పెద్ద పందిరి నిండా అల్లుకుని ఉంది. వెర్సోవాల్న్ అనే రకం. వయసు 350 ఏళ్లకు పైమాటే. ఇంకా కాస్తోంది, ఆ పండ్లతో తెల్ల వైన్ చేస్తున్నారు. కొత్త తోటల్లో పందిళ్లు పోయి తీగల వరసలు వస్తున్నాయి. పని తేలికవుతుంది నిజమే. పందిరి నీడలో నడిచే సుఖం మాత్రం ఆ మేరకు తగ్గిపోతోంది.

లోయ అడుగున అంతా ఆపిల్ రాజ్యం. సౌత్ టైరోల్‌లో సుమారు 18 వేల హెక్టార్లలో ఆపిల్ తోటలున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో పండే ఆపిల్స్‌లో దాదాపు పదో వంతు ఇక్కడివే. పెద్ద జమీందార్లెవరూ లేరు. రెండు మూడు హెక్టార్ల రైతు కుటుంబాలు సహకార సంఘాలుగా కలిసి అమ్ముకుంటాయి. చెట్లు పొట్టివి, కంచెలా దగ్గర దగ్గరగా వరసలు, పైన వడగళ్ల నుంచి కాపాడే వలలు.

ఏప్రిల్‌లో పూత మీదుండగా ఒక్కోసారి రాత్రి మంచు కాటు వేస్తుంది. అప్పుడు రైతులు స్ప్రింక్లర్లు తిప్పి పూత మీద నీళ్లు చల్లుతారు. వినడానికి వింతగా ఉంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడిని వదులుతుంది. చల్లుతున్నంతసేపూ ఆ వేడి అందుతూ, మంచు పొర లోపల పువ్వు సున్నా డిగ్రీల దగ్గరే బతికి ఉంటుంది. మధ్యలో నీళ్లు ఆగితే పూత పోయినట్టే. తెల్లవారి గట్టు మీదుగా వెళ్లేవాళ్లకు కింద తోటంతా గాజులో పోతపోసినట్టు కనిపిస్తుంది.

ఆ స్ప్రింక్లర్లే కాలువల పని తీసేశాయి. గత శతాబ్దపు రెండో సగంలో పైపులు వచ్చాక ఎన్నో కాలువలు ఎండిపోయాయి, పూడిపోయాయి. మిగిలినవాటిలో చాలావాటికి నడిచేవాళ్లే ఊపిరి పోశారు. దారి అందం పోకూడదని ఊళ్లు కాలువలో నీళ్లు వదులుతున్నాయి, గట్లు బాగు చేయిస్తున్నాయి. పొలం కోసం పుట్టిన కాలువ విహారం కోసం బతకడం కొంత బాధగానే ఉంటుంది. అయినా ఎండిన కాలువ కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ఇంకో సంగతి దాచకూడదు. ఆపిల్ తోటలకు మందు కొడతారు, ఏడాదిలో చాలాసార్లు కొడతారు. లోయ ఎగువనున్న మాల్స్ ఊరివాళ్లు 2014లో దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టుకుని, పురుగుమందులు వద్దని నాలుగింట మూడు వంతుల మంది ఓటేశారు. తర్వాత ఊరు తెచ్చిన నిబంధనను కోర్టు కొట్టేసింది. కానీ ఆ ప్రశ్న చావలేదు. కింది తోటల నుంచి గాలికి కొట్టుకొచ్చే మందు పక్క పొలంలోని పశువుల మేత మీద పడితే జవాబు ఎవరు చెప్పాలని మాల్స్ రైతులు అడిగింది న్యాయమే. అందమైన తోటల మధ్య నడిచేవాళ్లకు కూడా ఆ ప్రశ్నలో వాటా ఉంది.

మాల్స్ పచ్చిక బయళ్లలో ఇప్పటికీ పాత పద్ధతి ఉంది. కాలువకు రేకు అడ్డం పెట్టి, నీరు పొర్లించి, నేల తడిశాక రేకు తీసి పక్కకు జరుపుతారు. ఇలాంటి పారకపు విద్యలను ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సహా 7 దేశాల తరఫున యునెస్కో 2023 డిసెంబరులో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వెళ్లదలచుకున్నవాళ్లకు మెరాన్ నుంచి మాల్స్ దాకా రైలుంది. 1906లో వేసిన లైను, 1990లో మూసేశారు, 2005లో మళ్లీ తెరిచారు. ఒక స్టేషన్‌లో దిగి, గట్టెక్కి నడిచి, ఇంకో స్టేషన్‌లో రైలెక్కొచ్చు. చలికాలంలో కాలువలకు నీళ్లు కట్టేస్తారు కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపల వెళ్లాలి.