బెంగుళూరులో ఒక ఇంటి కూడిక

బెంగుళూరుకు తెలుగువారు కొత్తవారు కారు. ఒకనాడు దండు ప్రాంతంలో పనులకు వచ్చారు. తరువాత కర్మాగారాలకు వచ్చారు. ఇప్పుడు వైట్‌ఫీల్డు కంపెనీలకూ, అక్కడ లేచే మేడల పనులకూ వస్తున్నారు. ఊరు మారినప్పుడు సామాను లారీలో వస్తుంది గాని, చుట్టాలూ ఇరుగుపొరుగూ రారు. వారిని మళ్ళీ సంపాదించుకోవలసిందే. క్రైస్తవులైన మనవారు ఇక్కడ ఆ పని ఎలా చేసుకుంటున్నారో చూడవలెనని మేము ఒక ఆదివారం కృష్ణరాజపురం వెళ్ళాము. మెజెస్టిక్ నుంచి అక్కడికి 2023 అక్టోబరు మొదలు మెట్రో రైలు నడుస్తున్నది కనుక ప్రయాణం సుఖంగానే సాగింది.

ఈ నగరంలో పెద్ద చర్చిలకు కొదువ లేదు. కార్పొరేషన్ కూడలిలోని హడ్సన్ స్మారక చర్చి 1904 నాటిది. అక్కడి ఆరాధన కన్నడంలో. దండు ప్రాంతపు పాత చర్చిలలో ఇంగ్లీషూ తమిళమూ ఎక్కువగా వినిపిస్తవి. తెలుగు ఆరాధన జరిగేవీ లేకపోలేదు గాని, ఊరు నలువైపులా పెరిగిపోవడంచేత అవి చాలామందికి దూరమైనవి. అందుచేత కొద్ది కుటుంబాలవారు ఒకరి ఇంట చేరి ప్రార్థించుకోవడం అలవాటైనది. దీనినే వారు గృహకూడిక అంటారు.

మేము వెళ్ళిన ఇల్లు రెండో అంతస్తులో రెండు గదుల వాటా. మెట్ల పొడుగునా చెప్పులు వరుసగా ఉన్నవి. ముందుగదిలోని మంచం, కుర్చీలు లోపలికి జరిపి జంపఖానా పరిచారు. మగవారు ఒక ప్రక్క, తలమీద కొంగు వేసుకున్న ఆడవారు ఒక ప్రక్క, పిల్లలు మధ్య. అంతా కలిసి పాతికమంది ఉంటారు. లోపల అడుగు పెట్టగానే అందరూ "వందనాలండీ" అన్నారు. మేము ఎవరమో, ఏ మతంవారమో అడగలేదు. "భోంచేసి వెళ్ళాలి" అన్నమాట మాత్రం ఇల్లాలు ముందే చెప్పారు.

మైకు లేదు. ప్రక్కవాటావారికి ఇబ్బంది కలగకుండా డోలకు కూడా మెల్లగానే వాయించారు. పాటల పుస్తకం తిరగవేసి చూస్తే కీర్తనలకు పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉన్నవి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారివంటివారు మన సంగీతపు బాణీలలో కీర్తనలు కట్టడంవల్ల అవి తెలుగు నోటికి ఇట్టే పట్టుబడినవి. ఇంట్లో ఇంగ్లీషూ, వీధిలో కన్నడమూ మాట్లాడే పిల్లలు కూడా ఆ పాటలు పుస్తకం చూడకుండా పాడారు.

తరువాత సాక్ష్యాలు. ఎవరికి చెప్పాలని ఉంటే వారు లేచి చెప్పవచ్చును. అనంతపురం వైపునుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన, పరంజా మీదనుంచి పడి ఆసుపత్రిలో ఉన్నప్పటి సంగతి చెప్పాడు. ఆ పన్నెండు రోజులూ ఈ గదిలోనివారే వంతులు వేసుకుని రాత్రిళ్ళు అతని దగ్గర పడుకున్నారట. వారిలో ఒకరు పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఆయన ఆ మేస్త్రీ ప్రక్కనే తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. వాక్యం చెప్పిన పెద్దమనిషి కూడా ఉద్యోగస్తుడే. పిమ్మట ఒకే రొట్టెను విరిచి, ద్రాక్షరసంతోపాటు అందరికీ అందించారు. బాప్తిస్మం పొందినవారే తీసుకున్నారు. మేము ఊరకే కూర్చున్నా ఎవరూ చిన్నచూపు చూడలేదు. చివరకు అన్నం, పప్పు, కోడికూర, మజ్జిగ. అందరిదీ ఒకటే బంతి.

ఇది కొత్త పద్ధతి కాదు. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతుల ఇంట, ఫిలేమోను ఇంట సంఘాలు కూడేవని బైబిలులో ఉన్నది. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్ అనేచోట క్రీ.శ. 240 ప్రాంతపు ప్రార్థనా గృహం ఒకటి త్రవ్వకాలలో బయటపడినది. అది మామూలు ఇల్లే. జనం పెరిగినందున కాబోలు, రెండు గదుల మధ్య గోడ తీసి ఒకే గది చేశారు. మన దేశంలో పంజాబుకు చెందిన భక్తసింగ్‌గారు 1941లో మద్రాసులోనూ, 1950లో హైదరాబాదు హెబ్రోనులోనూ నెలకొల్పిన సహవాసాలలో ఆరాధన తరువాత కలిసి భోజనం చేయడం ముఖ్యమైన ఆచారం. బెంగుళూరులోనే నౌకాదళపు మాజీ అధికారి జాక్ పూనెన్‌గారి ఇంట 1975లో కొద్దిమందితో మొదలైన కూడిక నేడు పలుచోట్ల శాఖలున్న సంఘమైనది. పెద్దలు జీతం పుచ్చుకోకపోవడం అక్కడి నియమం.

అయితే ఇంటి కూడికకు ఇబ్బందులూ ఉన్నవి. అద్దె ఇంటి యజమాని వద్దంటే చోటు పోతుంది. గృహస్థుడికి వేరే ఊళ్ళో ఉద్యోగమైతే కూడికే చెదిరిపోవచ్చు. ఒక్క మనిషి మాటే చట్టమైతే దానిని సరిదిద్దే పైవారు ఉండరు. అన్నిటికన్న పెద్ద చిక్కు వృద్ధి. మేము చూచిన గది అప్పటికే నిండిపోయినది. హాలు అద్దెకు తీసుకుందామని కొందరు, రెండు ఇళ్ళుగా విడిపోదామని కొందరు భోజనాలవద్ద మాట్లాడుకున్నారు. "హాలులో మనం రాకపోతే ఎవరికి తెలుస్తుందండీ?" అని మేస్త్రీ భార్య అన్నమాటకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న వారిది మాత్రమే కాదు. మన తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి పెద్ద హాళ్ళు నింపుతున్నవి. సంతోషమే. కాని ఆనాడు రానివారెవరు, ఎందుకు రాలేదు, వారింట పొయ్యి వెలిగిందా అని మరునాడు విచారించేవారు ఎందరు? పేటకు పదేసి కుటుంబాలు నెలకొకసారి ఒకరింట చేరి భోజనం చేస్తే ఆ విచారణ దానంతట అదే జరుగుతుంది. ఇందుకు కావలసినదల్లా ఒక జంపఖానా, ఒక పూట వంట. మతం ఏదైనా ఈ ఏర్పాటు మనమూ చేసుకోవచ్చును. పాఠకులు తమ తమ పేటలలో ఆలోచించవలెనని కోరుతున్నాము.