పెన్నేటి ఒడ్డున పారిస్ వర్తకుడు

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి చాలా దూరం ఉత్తరానికి నడిచిన పెన్నేరు, అనంతపురం సీమలో తూర్పుకు మళ్లుతుంది. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని గుడిని ఒరుసుకుంటూ సాగి కడప జిల్లాలో అడుగుపెడుతుంది. సముద్రం చేరేదాకా దాని నడక దాదాపు 597 కిలోమీటర్లు. అందులో కొండాపురం నుంచి కమలాపురం దాకా ఉన్న ముక్క గురించే ఇక్కడ చెప్పాలనుకున్నాను. ఎందుకంటే ఆ ముక్కలోనే, ఐరోపా మహానగరంలో పుట్టి పెరిగిన ఒక మనిషి మన దగ్గరికొచ్చి, మన ఊరిని చూసి, చూసింది రాసిపెట్టుకున్నాడు. పారిస్‌కో లండన్‌కో వెళ్లొచ్చి అక్కడి వీధుల గురించి రాసిన తెలుగువాళ్లు ఎందరో. ఇది దానికి ఎదురు ప్రయాణం.

కొండాపురం దగ్గర ఇప్పుడు కనిపించేది ఏరు కాదు, గండికోట జలాశయం. దాని నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో దాన్ని నిండా నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి తరలిపోయాయి. చిత్రావతి వచ్చి పెన్నేటిలో కలిసేదీ ఈ నీళ్లలోనే. పులివెందుల వాళ్లకు పెన్నేరు ఎదురుపడదు. ఒకవైపు చిత్రావతి, ఇంకోవైపు పాపఘ్ని పోతుంటే నడుమ ఉన్న సీమ వాళ్లది. పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద కట్టిన జలాశయానికి గండికోట నుంచి నీళ్లు ఎత్తిపోస్తున్నారు. పులివెందుల చీనీ తోటలకూ అరటి తోటలకూ పారే ఆ తడిలో, ఇక్కడ మునిగిన ఊళ్ల వాళ్ల వాటా ఉంది.

ఆనకట్ట దాటగానే ఏరు ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోతుంది. రెండు పక్కలా పేర్చి పెట్టినట్టున్న ఎర్రరాతి గోడలు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరకు ఇక్కడి గండికోట ఊరి పేరే పెట్టి గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. అలాంటి చోటును 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అని పిలవడం నాకు నచ్చదు. సొంత పేరున్న చోటికి అరువు పేరెందుకు?

మొదట చెప్పిన ఆ మనిషి వచ్చింది ఈ చోటికే. పేరు జీన్ బాప్టిస్ట్ టావెర్నియె, 1605లో పారిస్‌లో పుట్టాడు. వజ్రాల వర్తకుడు. 1652లో మచిలీపట్నంలో దిగి, మద్రాసు మీదుగా నడిచి, సెప్టెంబరు 1న గండికోట చేరాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మాలనుకున్న సరుకును ముందుగా ఆయన సేనాని మీర్ జుమ్లాకు చూపించాలి. మీర్ జుమ్లా గండికోటలో ఉన్నాడు. మూడు నెలల ముట్టడి తర్వాత కోట ఆయన చేతికొచ్చి అప్పటికి ఎనిమిది రోజులే అయింది. పెమ్మసాని నాయకుల ఏలుబడి అలా ముగిసింది.

టావెర్నియె ముందుగా దారిని చూశాడు. కొండను తొలిచి వేసిన ఒకే ఒక్క దారి, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే. పక్కన అగాధం, అడుగున ఏరు. కొండ మీద చిన్న మైదానం, అందులో వరీ జొన్నా లాంటి పైర్లు, వాటికి ఊటల నీళ్లు. ఇంత కోట లొంగడానికి ఫిరంగులు పేల్చిన తన దేశం వాళ్లే కారణమని కూడా రాశాడు.

నన్ను పట్టి నిలబెట్టేవి ఆ తర్వాతి పేజీలు. మీర్ జుమ్లా గుడారంలో ఉత్తిపాదాలతో కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల మధ్య మరికొన్ని. ఒక్కొక్కటే లాగి దేనికి ఏం జవాబు రాయాలో చెబుతుంటే రాయసగాళ్లు రాస్తున్నారు. ఇంకోరోజు ఐరోపా ఫిరంగివాళ్లంతా గుంపుగా వచ్చి నాలుగు నెలల జీతం రాలేదని, ఇవ్వకపోతే ఇంకో కొలువు చూసుకుంటామని కేకలేశారు. మర్నాడు మూడు నెలలది చేతిలో పడింది. అందులో సగానికి పైగా విందులకూ ఆటకత్తెలకూ పోయిందట. ఇవాళ ఖాళీగా కనిపించే ఆ కోటలో జీతాల రోజు సందడి ఎలా ఉండేదో తెలిపే వాక్యాలివి. శాసనాలు దానం చెబుతాయి, యుద్ధం చెబుతాయి. ఇలాంటిది చెప్పవు.

ఒక్కచోట మాత్రం చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది. బూర్జ్ ఊరివాడైన క్లోద్ మాయ్ అనే అతనికి ఫిరంగులు పోతపోసే పని అప్పగించారు. గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ సేకరించి ముడిసరుకుగా ఇచ్చారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని, అర్చకులే ఏదో మంత్రం వేశారని వాళ్లను బెదిరించారని టావెర్నియె రాశాడు. చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగా పోతపడలేదు. కరిగిపోయిన విగ్రహాలు ఏ ఊళ్లవో, ఎవరు దండం పెట్టుకున్నవో ఆయన అడగలేదు. ఆయన దృష్టి వజ్రాల మీద, బేరం మీద. మాధవరాయ స్వామి గుడి ముందు, జామియా మసీదు పక్కన ఉన్న ధాన్యాగారం ముందు నిలబడితే నాకు ఆ అడగని ప్రశ్నే గుర్తొస్తుంది. అయినా ఆయనకు రుణపడే ఉన్నాం.

కొండల్లోంచి బయటపడ్డ ఏటిని మైలవరం ఆనకట్ట ఆపుతుంది. దాని కింద జమ్మలమడుగు. ఇక్కడికి వచ్చిన విదేశీయులు కొనడానికీ గెలవడానికీ రాలేదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుతో వెలిసిన ఆసుపత్రిలో ఈ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాల వాళ్లు పుట్టారు. నా లెక్కలో గండికోటకు వచ్చిన అతిథి కన్నా జమ్మలమడుగుకు వచ్చిన అతిథే పెద్దవాడు.

ప్రొద్దుటూరులో ఏరు వెడల్పవుతుంది. ఒడ్డున ముక్తిరామేశ్వరం, లోపల బంగారం అంగళ్లూ బట్టల కొట్లూ, దసరా వస్తే అమ్మవారిశాల చుట్టూ ఇసకేస్తే రాలని జనం. పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రాసింది ఈ ఊళ్లోనే. టావెర్నియె ఈ బజారు చూసి ఉంటే గండికోటలోకన్నా ఎక్కువ రోజులు ఉండేవాడేమో. వేసవిలో మాత్రం ఈ ఊరు పైకి చూస్తుంది, మైలవరం నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారా అని.

కిందికి పోతే కుందూ, కమలాపురం దగ్గర పాపఘ్నీ కలుస్తాయి. పాపఘ్ని పులివెందుల వైపు నుంచి, ఇడుపులపాయ దగ్గరి గండి క్షేత్రం మీదుగా వస్తుంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలను కలెక్టరుగా ఏలిన థామస్ మన్రోకు చివరి రోజుల్లో ఆ గండిలో ఆకాశాన బంగారు తోరణం కనిపించిందని అక్కడి వాళ్లు ఇప్పటికీ చెబుతారు. అది కనిపించినవాడు ఎక్కువ కాలం బతకడట. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పరాయి దొరకు తమ దేవుడి తోరణం కనిపించిందని చెప్పుకున్న జనం పెద్దమనసు నాకు ఇష్టం.

కాలివేళ్ల మధ్య కాగితాలు మనకు తెలిసింది ఒక పరదేశి రాసిపెట్టుకున్నందుకే. తాళ్లప్రొద్దుటూరు వీధులు ఎలా ఉండేవో, ఏ చెట్టు కింద పంచాయితీ జరిగేదో చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల బడుల్లో తెలుగు చెప్పే అయ్యవార్లూ, పిల్లల చేతికి ఒక నోటుపుస్తకమిచ్చి వాళ్ల దగ్గరికి పంపండి. ఆ పెద్దలు ఉండగానే రాయించండి.