కంటైనర్ పోతే పోనీ, డేటా ఉండాలి

సర్వర్‌ని గదులుగా విడగొట్టే ఆలోచన కొత్తదేం కాదండీ. 1979 నాటి ఏడో యునిక్స్‌లోనే సీహెచ్‌రూట్ ఉంది. తర్వాత 2000లో ఫ్రీబీఎస్‌డీ జైళ్ళు, 2005లో సొలారిస్ జోన్లు, 2013లో డాకర్. ఉద్దేశం ఒకటే, ఒక గదిలో గోల పక్క గదికి పోకూడదు. బానే ఉంది. మరి ఆ గదిలో పోగైన డేటా సంగతేంటి? మనవాళ్ళు చాలామందికి ఇది చివర్లో గానీ గుర్తు రాదు.

కంటైనర్ ఉన్నదే తీసేసి మళ్ళీ పెట్టుకోడానికి. డాకర్లో ఇమేజ్ పైన రాసుకోడానికి ఓ పల్చటి పొర ఉంటుంది. కంటైనర్‌ని తీసేస్తే అదీ పోతుంది. ఊరికే ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోదు, అందుకే చాన్నాళ్ళు ఎవరికీ అనుమానం రాదు. అక్కడ డేటా దాచడమంటే అద్దింటి గోడ మీద పాల లెక్క రాసుకోవడమే. వాల్యూమ్ వచ్చింది ఇందుకే.

వాల్యూమ్ ఉంటే సరిపోతుందా? తెలిసినవాళ్ళ మందుల షాపులో బిల్లింగ్ పెట్టిన కుర్రాడు అప్‌గ్రేడ్ కోసం పాత కంటైనర్ తీసేసి కొత్తది రన్ చేశాడు. అరువు ఖాతాలన్నీ ఖాళీ! నిజానికి డేటా పోలేదు. పేరు పెట్టలేదు కాబట్టి డాకరే 64 అక్షరాల పేరుతో ఓ వాల్యూమ్ చేసుకుంది, కొత్త కంటైనర్‌కి ఇంకోటి చేసింది. వెతికితే పాతది దొరికింది. ఈలోగా ఎవరైనా డిస్కు నిండిందని 'వాల్యూమ్ ప్రూన్' కొట్టుంటే? 2023లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి ఆ కమాండు మామూలుగా పేరున్నవాటి జోలికి పోదు, పేరులేనివాటినే తుడిచేస్తుంది. కాబట్టి ముందు పేరు పెట్టండి. 'కంపోజ్ డౌన్'కి మైనస్ వీ తగిలిస్తే మాత్రం ఆ ఫైల్లో ఉన్న పేరున్నవీ పోతాయి. ముఖ్యమైన వాల్యూమ్‌ని బయట విడిగా సృష్టించి, ఫైల్లో 'ఎక్స్‌టర్నల్' అని రాస్తే దాన్ని ముట్టుకోదు.

ఇంకోమాట. విడిగా ఉండటం వేరు, భద్రంగా ఉండటం వేరు. మామూలుగా వాల్యూమ్ ఉండేది కూడా అదే మెషీన్ డిస్కు మీదే కదా. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. చూస్తే రోజువారీ బ్యాకప్పులు ఎప్పట్నుంచో ఫెయిలవుతున్నాయి, డేటాబేస్ 9.6 అయితే డంప్ తీసే ప్రోగ్రాం 9.2. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఆదుకుంది. అంత పెద్ద కంపెనీకే అలా ఉంటే, మందుల షాపాయనకి స్నాప్‌షాట్ ఎవరు తీసిపెడతారు?

పోస్ట్‌గ్రెస్ నడుస్తుండగా వాల్యూమ్ ఫోల్డర్‌ని ఉత్తినే కాపీ కొడితే బ్యాకప్ అయినట్టు కాదు. డంప్ తియ్యాలి, ఇంకో మెషీన్లో పెట్టాలి, అప్పుడప్పుడూ దాన్ని ఎక్కించి చూడాలి. బోరు పనే, మెచ్చుకునేవాళ్ళూ ఉండరు. కానీ ఆ ఖాతాలు మనవి కావు కదా.

వీలైతే ఇవాళ మీ సర్వర్లో 'డాకర్ వాల్యూమ్ ఎల్‌ఎస్' కొట్టి చూడండి. ఆ పేరులేనివాటిలో ఎవరి డేటా ఉందో చెప్పగలరా?